తేదీల మార్పిడికి పైటెస్ట్: ఏళ్ల తరబడి వాడాక

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల లెక్కలకీ ధాన్యం బిల్లులకీ రాసిన పైథాన్ కోడ్‌లో, తేదీలు మార్చే ఫంక్షన్లన్నిటికీ కొన్నేళ్లుగా పైటెస్టే (పైథాన్ కోడ్‌ని పరీక్షించే టూల్) వాడుతున్నాను. ఈ పనికి ఇంతకంటే హాయైనది నాకు దొరకలేదు. కారణం అందులోని పారామెట్రైజ్ సదుపాయం. ఇచ్చే తేదీ, రావాల్సిన తేదీ పక్కపక్కన వరసలుగా రాస్తే ప్రతి వరసా విడి టెస్టుగా నడుస్తుంది, ఏది తప్పిందో ఆ వరసే చూపిస్తుంది.

ఆ వరసల్లో ఏం పెడతామన్నదే అసలు సంగతి. ఫార్మాట్‌లో రోజూ నెలా తారుమారైతే 25-12-2024కి ఎలాగూ ఎర్రర్ వస్తుంది. 04-05-2025 మాత్రం చప్పుడు లేకుండా ఏప్రిల్ 5 అయిపోతుంది, కాబట్టి అదే పెట్టాలి. రైతు పుట్టిన సంవత్సరం 62 అని రెండంకెల్లో వస్తే స్ట్రప్‌టైమ్ (రాతలోని తేదీని చదివే పైథాన్ ఫంక్షన్) 2062గా తీసుకుంటుంది. 69 నుంచి 99 వరకే వెనకటి శతాబ్దంలోకి వెళ్తాయి. 68, 69 రెండూ వరసల్లో ఉండాలి. 29-02-2024ని ఒప్పుకోవాలి, 29-02-2100ని తిప్పికొట్టాలి.

మిల్లుల ఎక్సెల్ షీట్లలో తేదీ ఒక్కోసారి 45658 అని వస్తుంది. అది రోజుల లెక్క, అంటే 2025 జనవరి 1. ఎక్సెల్ 1900ని పొరపాటుగా లీపు సంవత్సరంగా లెక్కేస్తుంది గనుక ఇప్పటి తేదీలకు 1899 డిసెంబరు 30 నుంచి కూడాలి.

అన్నిటికంటే నష్టం చేసేది యూటీసీ, అంటే మన టైముకి 5:30 గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకు రొయ్యల పట్టుబడి కాటా (తూకం) పడితే, సర్వర్‌లో అది ఇంకా మార్చి 31 రాత్రి 8:30. మన టైముకి మార్చకుండా తేదీ ఒక్కటే కోసి తీసుకుంటే బిల్లు పాత ఆర్థిక సంవత్సరంలో పడుతుంది, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన నాటి నుంచి లెక్కపెట్టే డీవోసీ (పెంపకం రోజులు) కూడా ఒక రోజు తగ్గిపోతుంది. యూటీసీలో తేదీ మారేది మన ఉదయం 5:30కి కాబట్టి 5:29కి ఒక వరస, 5:30కి ఒక వరస తప్పనిసరి.

టెస్టులో ‘ఈరోజు’ని ఒకే తేదీ దగ్గర ఆపడానికి ఫ్రీజ్‌గన్ లైబ్రరీ బాగానే పనిచేస్తుంది, కానీ డేటాబేస్ గడియారాన్ని ఆపలేదు. అందుకే ఈరోజు తేదీని ఫంక్షన్‌కి బయటి నుంచి ఇవ్వడమే నయం.

రావాల్సిన తేదీని క్యాలెండర్ చూసి చేత్తో రాయండి. మార్చి, మళ్లీ వెనక్కి మార్చి పోల్చే టెస్టు, రెండు వైపులా ఒకే తప్పుంటే పాసైపోతుంది.

పాత కోడ్‌లో పైటీజెడ్ (టైమ్ జోన్ల లైబ్రరీ) ఉంటే, ఏషియా/కోల్‌కతా జోన్‌ని నేరుగా డేట్‌టైమ్‌లోని టీజెడ్‌ఇన్ఫోకి ఇచ్చినప్పుడు యూటీసీతో తేడా 5:30 బదులు 5:53 వస్తుంది. పైథాన్ 3.9 నుంచి ఉన్న జోన్‌ఇన్ఫోకి మారితే ఆ గొడవ పోతుంది. విండోస్‌లో అయితే జోన్ల వివరాలుండే టీజెడ్‌డేటా ప్యాకేజీ విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.