పర్మిట్ జిరాక్సు చూపించి కొండచిలువను అంటగడుతున్నారు, జాగ్రత్త

బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువను కొనాలనుకునేవారు బయానా ఇచ్చే ముందు ఇది చదవండి. నాకు ఇచ్చాక తెలిసింది.

"మా దగ్గరే గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల, ఎనిమిది నెలలది. సైటిస్ పర్మిట్ కూడా ఉంది" అన్నాడు అమ్మినవాడు. సైటిస్ అంటే, అంతరించే ముప్పున్న జంతువులు, మొక్కల వ్యాపారం మీద దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం. పర్మిట్ ఉన్న మాట నిజమే. గుండ్రటి ముద్ర ఉన్న కాగితానికి జిరాక్సు తీసి చేతిలో పెట్టాడు. ముద్ర చూసి మురిసిపోయానే గానీ గళ్లలో ఏముందో చదవలేదు.

మూడు వారాలు ఆ పాము ఏమీ తినలేదు. కొత్త చోటుకు బెదిరిందనుకున్నాను. ఒక రాత్రి దవడ కింద పొలుసు లేచినట్టుంటే దీపం దగ్గర పెట్టి చూశాను. అది పొలుసు కాదు, పిడుదు. వెతికితే ఇంకో నాలుగు. పశువైద్యుడు పట్టకారుతో ఒక్కొక్కటే లాగుతూ, "ఇంట్లో పుట్టిన పాముకు ఇన్ని పిడుదులు ఎక్కడివి? కాగితం ఏదీ?" అన్నారు.

అప్పుడు చదివాను. తేదీ రెండున్నరేళ్ల కిందటిది. అంటే ఈ పిల్ల పుట్టక ముందే దానికి ప్రయాణ అనుమతి వచ్చేసిందన్నమాట! మూలం గడిలో 'ఆర్' అని ఉంది. పెంపకంలో పుట్టిన జీవికి 'సి' అని, అడవిలో పట్టినదానికి 'డబ్ల్యూ' అని రాస్తారు. 'ఆర్' అంటే అడవి నుంచి గుడ్లో పిల్లలో తెచ్చి పెంచినవి. సంఖ్య గడిలో 200. ఆ 200లో నా పాము ఉందనడానికి ఆధారం ఏదీ? 1973లో వాషింగ్టన్‌లో కుదిరిన సైటిస్ ఒప్పందంలోనే రాసి ఉంది: ఎగుమతి పర్మిట్ ఆరు నెలలే చెల్లుతుంది, ఒక్కో సరుకుకు విడిగా పర్మిట్ కావాలి, అసలు బదులు నకలు వాడకూడదు. నా చేతిలోని కాగితం మూడింటిలోనూ తప్పింది.

పైగా సైటిస్ పట్టించుకునేది దేశాల మధ్య వ్యాపారాన్ని. ఇంట్లో ఉంచుకోవచ్చా అన్నది ఆయా దేశాల చట్టాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో బాల్ పైథాన్‌కు లైసెన్సు అక్కర్లేదు గానీ, నాగుపామును పెంచాలంటే ప్రమాదకర వన్యప్రాణుల 1976 చట్టం కింద తీసుకోవాల్సిందే. భారత్‌లో 2024 నియమాల ప్రకారం సైటిస్ జాబితాలోని ఇలాంటి జీవి చేతికొచ్చిన 30 రోజుల్లోపు నమోదు చేయించాలి. "అందరూ పెంచుతున్నారు కదా" అనే మాట ఏ చట్టంలోనూ లేదు.

కాబట్టి అసలు పర్మిట్ చూపించమనండి. గుడ్డు పగిలిన తేదీ, పెంచినవారి పేరు, చిరునామా రసీదు మీద రాయించుకోండి. మీ కళ్ల ముందు దానికి మేత పెట్టమనండి. కుదరదంటే లేచి వచ్చేయండి. వన్యప్రాణి అధికారులను డబ్బు ఇవ్వకముందే అడగండి. నేను ఇచ్చాక వెళ్లాను, పామును వాళ్లు తీసుకెళ్లారు. అమ్మినవాడి ఫోను ఆ సాయంత్రం నుంచి మోగడం లేదు.

గాజుపెట్టె, వేడిదీపం మిగిలాయి. అమ్మకానికి పెట్టాను. వాటికి మాత్రం అసలు రసీదు ఉంది.