హీట్ ఐ మాస్క్: 14 నెలలు వాడాక నా గొడవంతా టైమర్‌తోనే

బట్ట మెత్తదనం, బరువు గురించి చెప్పను, అవి బాగానే ఉన్నాయి. నా బాధంతా టైమర్ గురించే.

రోజంతా ఎక్సెల్ షీట్లు చూసే ఉద్యోగం నాది, సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉండేది. రెప్పల అంచుల్లోని నూనె గ్రంథులు మూసుకుపోయాయని, ఆ నూనె పైన లేకపోతే కంట్లో తడి త్వరగా ఆరిపోతుందని చెప్పి డాక్టర్ వెచ్చటి కాపడం పెట్టమన్నారు. తడిగుడ్డ రెండు నిమిషాలకే చల్లారిపోతోందని ఈ యూఎస్‌బీ మాస్క్ కొన్నాను. మొదటి నెల ఎంత హాయిగా అనిపించిందంటే ఆఫీసులో కనిపించినవాళ్లందరికీ కొనమని చెప్పాను.

ఆ మాట అంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. మార్చి నెలాఖరు లెక్కలు ముగించుకుని ఒక రాత్రి పదకొండున్నరకి పడుకుంటూ మాస్క్‌ని మూడో లెవెల్లో పెట్టుకున్నాను, 15 నిమిషాలకి దానంతటదే ఆగిపోతుందన్న ధీమాతో. నిద్ర పట్టేసింది. పక్కకి ఒత్తిగిలినప్పుడల్లా వైరు మీది బటన్ దిండుకి నొక్కుకుని, మాస్క్ మళ్లీ మొదట్నుంచీ వేడెక్కుతూనే ఉంది. ఒంటిగంట దాటాక మంటకి మెలకువ వచ్చింది. కుడి రెప్ప కందిపోయి, వేలు తగిలితే చురుక్కుమంటోంది, లైటు వేస్తే అంతా మసక. చాలా భయమేసింది. మసక కాసేపటికి పోయింది గానీ ఎరుపు తగ్గడానికి మూడు రోజులు పట్టింది. రెప్ప చర్మం చాలా పల్చన, మరీ ఎక్కువ వేడి కాకపోయినా గంటల తరబడి తగిలితే కాలుతుంది, మసక మాస్క్ కనుగుడ్డు మీద నొక్కుకున్నందుకు వచ్చింది అని డాక్టర్ చెప్పారు.

ఇప్పుడు కుర్చీలో కూర్చునే పెట్టుకుంటున్నాను. లెన్సులు తీసేసి, ముందు మణికట్టు లోపలివైపు ఆనించి చూసి, 40 డిగ్రీలు అని రాసి ఉన్న మొదటి లెవెల్లో 10 నిమిషాలు, ఫోన్‌లో అలారంతో. తర్వాత కడిగిన వేలితో పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి మెల్లగా రాస్తాను, ఇది మానేసిన రోజుల్లో అంత ఉపశమనం ఉండట్లేదు. కళ్లకలక వచ్చిన వారం దాన్ని ముట్టుకోలేదు. అమ్మ అడిగినా ఇవ్వలేదు, ఆవిడకి షుగర్ వల్ల స్పర్శ తగ్గింది, పైగా శుక్లాల ఆపరేషన్ అయి నెలే.

మళ్లీ కొంటానా అంటే కొంటాను, కాకపోతే బటన్ ఎక్కడుందో, వేడి ఎలా ఆగుతుందో చూసుకుని. నాది మొద్దునిద్ర, అందుకే ఇంత పట్టింపు. పట్టపగలు కూర్చుని వాడేవాళ్లకి ఇదే మాస్క్ సరిపోవచ్చు.