బెజవాడలో తుపాకుల షాపు, పెదనాన్న డబుల్ బ్యారెల్, అన్నయ్యతో వాదన

ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దమనిషి పోతే ఆ తుపాకీని ఏం చెయ్యాలో మన వైపు చాలా కుటుంబాలకి తెలీదు. దినం అయిపోద్ది, పొలం కాగితాలు చూసుకుంటారు, బ్యాంకులో నామినీ ఎవరో చూసుకుంటారు, తుపాకీ మాత్రం బీరువా వెనకాలే ఉండిపోద్ది. లైసెన్సు ఆ మనిషి పేరు మీద ఉంటది గానీ ఇంటి పేరు మీద కాదు కదా, ఆయన పోయాక అది ఇంట్లో ఉంటే లైసెన్సు లేని తుపాకీ పెట్టుకున్నట్టే లెక్క. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 21 ఇదే చెప్తది, ఆలస్యం చెయ్యకుండా పోలీస్ స్టేషన్లో అన్నా లైసెన్సున్న డీలర్ దగ్గరన్నా డిపాజిట్ చెయ్యాలి. మేం డీలర్ దగ్గర చేశాం, ఆ షాపు గురించే ఈ రివ్యూ.

షాపు పేరు, వీధి రాయట్లేదు, కావాలనే. లోపల జనాల తుపాకులు భద్రం చేసి ఉంటాయి, దాని అడ్రస్ నేను ఇక్కడ పెట్టడం మంచిది కాదు. విజయవాడలో ఉంది, పాత షాపు, అంతే. అవసరం ఉన్నోళ్లు మీ స్టేషన్లో అడగండి, ఏ డీలర్‌కి లైసెన్సు నడుస్తుందో వాళ్లే చెప్తారు.

మా పెదనాన్నది 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ. పల్నాడు వైపు పొలం, మొక్కజొన్న వేస్తే పందులు ఒక్క రాత్రిలో మడి మొత్తం తొక్కేస్తాయి, పంట కాపలాకని అప్పట్లో లైసెన్సు తీసుకున్నారు. ఇక్కడొక మాట చెప్పాలి, తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవి పందిని కాల్చొచ్చు అనుకోకండి, వన్యప్రాణి చట్టం 1972 కింద దానికి వేరే అనుమతి కావాలి. పెదనాన్న గాల్లోకి కాల్చి బెదరగొట్టేవారు, అంతకు మించి ఎప్పుడూ వాడలేదు. ఆయన పోయాక స్టేషన్లో రాసిచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకుని, ఆయన కూతురు, మా అక్కా, నేనూ తుపాకీ పట్టుకుని బెజవాడ వెళ్లాం.

షాపు బయట నుంచి చూస్తే ఏదో హార్డ్‌వేర్ షాపులాగే ఉంటది, చిన్న బోర్డు, ఇనప గ్రిల్లు, లోపల ఒకటే కౌంటరు. ఓనర్ గారు బాగా పెద్దాయన. అక్క సంచి కౌంటర్ మీద పెట్టబోతుంటే "ఆగండమ్మా, నేను తీస్తాను" అని ఆయనే తీశారు, గొట్టం గోడ వైపు తిప్పారు, వేలు ట్రిగ్గర్ దగ్గరికి కూడా పోనివ్వలేదు, మడిచి రెండు గొట్టాల్లోనూ తూటా లేదని ముందు కంటితో చూసి, తర్వాత వేలు పెట్టి చూసి, అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టారు. ఖాళీగా ఉందని మేం ముందే చెప్పాం. అయినా చూశారు. "ఖాళీ అని చెప్పిన తుపాకీలే పేల్తాయమ్మా" అన్నారు. ఈ ఒక్క పనికే నేను ఈ షాపుకి ఫుల్ మార్కులు వేస్తా.

తర్వాత తుపాకీ మీద నంబరు లైసెన్సు పుస్తకంలో నంబరుతో ఒక్కో అంకె చదివి సరిచూశారు, గొట్టం పొడుగు కొలిచారు, మిగిలిన తూటాలు లెక్కపెట్టి వేరే డబ్బాలో వేశారు, పెద్ద రిజిస్టర్లో రాశారు, మాకు సీలు వేసిన రసీదు ఇచ్చారు. లైసెన్సు మీద యూఐఎన్ నంబరు ఉందా లేదా అని కూడా చూశారు, దేశంలో లైసెన్సులన్నీ ఒక డేటాబేస్‌లోకి ఎక్కించినప్పుడు ప్రతి లైసెన్సుకీ ఇచ్చిన నంబరు అది, పాత లైసెన్సులకి అది లేకపోతే చాలా తిప్పలు. పెదనాన్న ఆ పని చేయించుకునే పోయారు, ఆయన ఏ కాగితమూ పెండింగ్ పెట్టే మనిషి కాదు.

మేం అక్కడ కూర్చుని ఉండగానే ఒకాయన వచ్చాడు, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, సైట్ల వ్యాపారం అని మాటల్లో తెలిసింది. రివాల్వర్ కావాలి, ముందు ఏదో ఒకటి చూపించండి, లైసెన్సు తర్వాత మనోళ్లతో చెప్పి చేయించుకుంటా అన్నాడు. ఓనర్ గారు డబ్బా కూడా తియ్యలేదు. లైసెన్సు చేతిలో పట్టుకుని రండి, సిటీలో అయితే పోలీస్ కమిషనర్ గారి ఆఫీసులో అప్లై చేసుకోండి, జిల్లాలో అయితే కలెక్టర్ గారి దగ్గర, అది వచ్చాకే చూడటమైనా అని చెప్పేశారు. ఆయన కొంచెం గొంతు పెంచాడు, ఎవరెవరివో పేర్లు చెప్పాడు, ఈయన మాత్రం అదే మాట అదే గొంతుతో మళ్లీ చెప్పి రిజిస్టర్ చూసుకుంటూ కూర్చున్నారు. నాకు చట్టం అంటే ఏదో పుస్తకాల్లో ఉండేదనే ఉండేది, అక్కడ కౌంటర్ దగ్గర కళ్లముందు కనపడింది, అమ్మితే డబ్బులొచ్చే మనిషి కుదరదని చెప్పడం.

ఇంకో తండ్రీకొడుకులు ఎయిర్ రైఫిల్ కోసం వచ్చారు, పిల్లాడు టెన్త్ అంట, షూటింగ్ కోచింగ్‌లో చేరాడు. .177 బోర్‌లో శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ గన్‌లకి లైసెన్సు అక్కర్లేదు, అయినా తండ్రి ఐడీ కార్డు తీసుకుని రాసుకున్నారు, పిల్లాడి చేతికి ఇచ్చేముందు తుపాకీ ఎట్లా పట్టుకోవాలో, ఎవరి వైపు తిప్పకూడదో చాలాసేపు చెప్పారు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే అని చెప్తే పిల్లాడి మొహం వెలిగిపోయింది.

ఇక అసలు గొడవ. పెదనాన్నకి ఇద్దరు పిల్లలు, అక్క గుంటూరులో లెక్చరర్, అన్నయ్య అమెరికాలో టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాడు. ఆర్మ్స్ రూల్స్ 2016లో రూల్ 25 ప్రకారం లైసెన్సుదారు పోయాక వారసుడు అప్లై చేసుకోవచ్చు (బతికుండగానే 70 ఏళ్లు వచ్చినా, ఆ తుపాకీ 25 ఏళ్ల నుంచి తన దగ్గర ఉన్నా, తనే వారసుడికి ఇప్పించొచ్చు, ఈ సంగతి తెలిస్తే పెదనాన్నే అక్క పేరు రాసేవారు). మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అక్క అప్లై చేద్దామని ఆ కాగితం మీద సంతకం అడిగితే అన్నయ్యకి కోపం వచ్చింది. మా నాన్న తుపాకీ మేం తీసుకోటానికి గవర్నమెంటుని బతిమాలుకోవడం ఏంటి, పోలీసు ఎంక్వైరీ ఏంటి, డాక్టర్ సర్టిఫికెట్ ఏంటి, ఇక్కడ నేను షాపుకెళ్లి ఫారం నింపితే కంప్యూటర్లో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి ఇచ్చేస్తారు అంటాడు. అది నిజమే, టెక్సాస్‌లో ఇంకా నిజం, మామూలు మనుషులు ఒకళ్ల దగ్గర ఒకళ్లు కొనుక్కుంటే ఆ చెక్ కూడా తప్పనిసరి కాదు, 2021 సెప్టెంబర్ నుంచి 21 దాటినోళ్లు పర్మిట్ లేకుండానే పిస్తోలు నడుముకి పెట్టుకుని తిరగొచ్చు. వాళ్ల రాజ్యాంగంలో ఆయుధం పెట్టుకునే హక్కు గురించి 1791లో వచ్చిన రెండో సవరణ ఉంది, ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకీ పెట్టుకోవడం వ్యక్తి హక్కే అని 2008లో హెల్లర్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు చెప్పింది, 2022లో బ్రూయెన్ కేసులో ఇంటి బయటికి కూడా ఆ హక్కు ఉందంది. అక్కడ తుపాకీ వద్దనేవాడు ఎందుకు వద్దో చెప్పుకోవాలి, ఇక్కడ కావాలనేవాడు ఎందుకు కావాలో చెప్పుకోవాలి.

అన్నయ్య భయం నాకు అర్థం కాక కాదు. 2023 మే 6న డాలస్ పక్కన అలెన్‌లో షాపింగ్ మాల్ దగ్గర కాల్పులు జరిగితే ఎనిమిది మంది చనిపోయారు, అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ ఊళ్లన్నీ మనోళ్లే కదా, అన్నయ్యా వదినా వీకెండ్‌కి వెళ్లే మాల్ అది. ఆ తర్వాతే రెండో తుపాకీ కొన్నాడు. పోలీసులు వచ్చేలోపు నా పిల్లల్ని ఎవరు కాపాడతారు అని అడుగుతాడు, దానికి ఫోన్లో నా దగ్గర జవాబు ఉండదు. కానీ అదే టెక్సాస్‌లో యువాల్డే స్కూల్లో 2022 మే 24న 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపిన కుర్రాడు 18 ఏళ్లు నిండగానే షాపులో చట్టప్రకారమే రైఫిళ్లు కొన్నాడు. మన చట్టంలో మామూలుగా 21 నిండందే లైసెన్సే లేదు, నిండినా ఎంక్వైరీ ఉంది, ఆ పైన ఈ బెజవాడ పెద్దాయన లాంటివాడు ఒకడు కౌంటర్ దగ్గర కూర్చుని ఉంటాడు. నేను మా చట్టం వైపే. అందరి చేతికీ ఇచ్చి ఆ తర్వాత అందరికీ భయపడుతూ బతకడం నాకు నచ్చదు, అన్నయ్యకీ అదే చెప్పా.

అన్నయ్య దానికి బ్రిటీషోళ్లని తెస్తాడు. మన జనం చేతిలో ఆయుధం లేకుండా చేసింది వైస్రాయ్ లిట్టన్ కాలంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం, గాంధీ గారు కూడా దాన్ని తప్పుపట్టారు, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోవాల్సి వచ్చింది అందుకే కదా అని. నిజమే, అది పరాయి పాలన, జనాన్ని అణచటానికి పెట్టిన చట్టం, ఇప్పుడున్న 1959 చట్టం మనం ఓట్లేసి పంపినోళ్లు చేసుకున్నది. ఇష్టం లేకపోతే మార్పించుకోవచ్చు, మార్పించుకున్నారు కూడా. 2019లో సవరణ తెచ్చినప్పుడు మనిషికి మూడు తుపాకుల నుంచి ఒక్కటికి తగ్గిద్దామని బిల్లులో పెట్టారు, తుపాకులున్న వాళ్లు అభ్యంతరం చెప్తే రెండు దగ్గర ఆగారు, లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు, పెళ్లిళ్లలో ఊరేగింపుల్లో సరదాకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పెట్టారు. అంటే మన దగ్గరా తుపాకీ ఉన్నోళ్ల మాట వింటారు, హక్కు అని గోడ మీద రాసుకోకపోయినా. నాకు ఇది చాలు.

చట్టం వైపు ఉన్నానని చెప్పి అమలు ఎట్లా ఉన్నా బాగుందని మాత్రం అనను. 2024 ఎన్నికలకి మార్చి 16న కోడ్ వచ్చింది, లైసెన్సు తుపాకులు అప్పజెప్పమన్నారు. బ్యాంకుల సెక్యూరిటీ గార్డులకి, పోటీలకెళ్లే షూటర్లకి మినహాయింపు ఉంటది, మిగతా వాళ్లలో ఎవరి నుంచి తీసుకోవాలో ఒక స్క్రీనింగ్ కమిటీ చూడాలి, మా ఊళ్లో మాత్రం అందరికీ ఒకటే మాట. పెదనాన్న ఒక్క కేసు లేని మనిషి, బుద్ధిగా తీసుకెళ్లి స్టేషన్లో ఇచ్చారు. తిరిగొచ్చేటప్పటికి గొట్టం మీద తుప్పు, కర్ర మీద గీతలు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు, అరుగు మీద కూర్చుని నూనె గుడ్డతో ఆ తుప్పు రుద్దుతూ ఉన్నారు, చూట్టానికి నాకే కష్టంగా అనిపించింది. చట్టం పాటించే మనిషి వస్తువుని ఇట్లా చూస్తే రేపు ఇంకొకడు అప్పజెప్పకుండా గడ్డివాములో దాచుకుంటాడు. కఠినంగా ఉండండి, కానీ ఇచ్చిన వస్తువుని మర్యాదగా దాచండి, అదే నేను అడిగేది.

ఈసారి డీలర్‌ని ఎంచుకుంది అందుకే. ఇక్కడ చెమ్మ తగలకుండా గుడ్డ సంచిలో పెట్టి, నూనె రాసి, స్టీలు బీరువాలో నిలబెడతారు, మధ్యలో ఒకసారి అక్కతో వెళ్లి చూశాం, ఇచ్చినట్టే ఉంది, గొట్టంలో వెలుతురు పెట్టి కూడా చూపించారు.

బాగోని విషయాలు కూడా చెప్పాలి. రేట్ల బోర్డు లేదు. నెలకి ఎంత అనేది నోటి మాటే, నూనె రాసి శుభ్రం చేసినందుకు వేరే తీసుకున్నారు, ఆ సంగతి ముందు చెప్పలేదు, డబ్బులు కట్టేటప్పుడు తెలిసింది. రసీదులో తుపాకీ వివరాలన్నీ ఉన్నాయి గానీ ఛార్జీ ఎంతో రాయలేదు, అడిగితే విడిగా చిన్న కాగితం మీద రాసిచ్చారు. ఇంకోటి, మేం వెళ్లిన మొదటి రోజే అక్కని "అమ్మేస్తారా అమ్మా, ఆడపిల్ల మీకెందుకు ఇది, లైసెన్సున్న వాళ్లు ఎవరైనా వస్తే ఇప్పించేస్తాను" అన్నారు, చెప్పిన రేటు కూడా చాలా తక్కువ. తండ్రి పోయి నెల కూడా కాలేదు, ఆ మాట అప్పుడు అనాల్సింది కాదు. అక్క గట్టిగానే చెప్పింది, "మా నాన్నదండి, నేనే ఉంచుకుంటాను, ట్రైనింగ్ కూడా తీసుకుంటాను" అని. దానికాయన సరేనమ్మా అని, ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు, పైగా అప్లికేషన్‌కి ఏమేం జతచెయ్యాలో ఒక కాగితం మీద రాసిచ్చారు, అది మాకు ఆఫీసులో చాలా పనికొచ్చింది. అందుకే ఐదుకి నాలుగు ఇస్తున్నా, ఆ ఒక్కటి రేట్ల బోర్డుకి, ఆ మాటకి కలిపి తీసేశా.

అన్నయ్య సంతకం పెట్టాడు, కోపంగానే, కాన్సులేట్ అటెస్టేషన్ చేయించి కొరియర్లో పంపాడు. అక్క ఫైలు ఇప్పుడు కలెక్టర్ ఆఫీసులో ఉంది.

మీరు వెళ్లే పని పడితే డెత్ సర్టిఫికెట్, ఒరిజినల్ లైసెన్సు పుస్తకం, స్టేషన్ అక్నాలెడ్జ్‌మెంట్, మీ ఆధార్ జిరాక్సులు రెండు సెట్లు పట్టుకెళ్లండి, తూటాలు ఎన్ని ఉన్నాయో ఇంట్లోనే లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, నెల ఛార్జీ, నూనె ఛార్జీ రెండూ రసీదు మీదే రాయించుకోండి. మధ్యాహ్నం భోజనానికి షాపు మూసేస్తారు, ఓనర్ గారు లేకపోతే కుర్రాళ్లు డిపాజిట్ తీసుకోరు, ఫోన్ చేసి వెళ్లడం మంచిది.