పగలు వియెలీచ్కా, రాత్రి బోఖ్నియా: పోలండ్ ఉప్పు గనులు

క్రాకోవ్ వెళ్లినవాళ్లు ఎక్కువగా వియెలీచ్కా గని ఒక్కటే చూసి వచ్చేస్తారు. క్రాకోవ్‌కు తూర్పున 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న బోఖ్నియాలో 1248 నుంచే ఉప్పు తవ్వారు. ఒక్కరోజే చేతిలో ఉంటే మాత్రం వియెలీచ్కానే ఎంచుకోండి.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనండి, వేసవిలో ఇంగ్లిష్ గైడ్ బృందాలు తొందరగా నిండిపోతాయి. మామూలు టూరిస్ట్ రూట్ దానిలోవిచ్ షాఫ్ట్ (గనిలోకి దిగే నిలువు బావి) దగ్గర మొదలవుతుంది. మైనర్స్ రూట్, అంటే గని కార్మికుల దారి, రెగిస్ షాఫ్ట్ దగ్గర. ఈ రెండూ కలగాపులగం చేసుకుని టైమ్ స్లాట్ పోగొట్టుకునేవాళ్లున్నారు. టూరిస్ట్ రూట్‌లో మొదట్లోనే దాదాపు 380 చెక్క మెట్లు దిగాలి, దారి పొడవునా కలిపి మొత్తం 800. పైకి లిఫ్టే, అయినా మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ మొదటి దిగుడే ఇబ్బంది. లోపల 17, 18 డిగ్రీలు, పల్చటి స్వెటర్ చాలు.

101 మీటర్ల లోతున ఉప్పులోనే చెక్కిన కింగా చాపెల్ (ప్రార్థన మందిరం) చూశాక అలసిపోయి చాలామంది లిఫ్ట్ వైపు నడుస్తారు. గని లోపలే ఉన్న మ్యూజియానికి ఇంకో గంట పడుతుంది కానీ అసలు సరుకు అక్కడే ఉంది. బావ్వాన్ అనే ఉప్పు దిమ్మలను పీపాల్లా గుండ్రంగా చెక్కేవాళ్లు. మోయడం అయ్యే పని కాదు, దొర్లించాలి మరి. వాటిని పైకి లాగడానికి గుర్రాలు తిప్పిన చెక్క యంత్రాలూ ఉన్నాయి. 14వ శతాబ్దంలో, పోలండ్ రాజు కాజిమిర్ నాటికి, ఖజానా రాబడిలో దాదాపు మూడో వంతు ఉప్పుదే. 1368లో ఆయన గనుల పనికీ, ఉప్పు అమ్మకానికీ చట్టం రాయించింది ఊరికే కాదు.

తెల్లటి కళ్లుప్పు ఎరిగిన మనకు ఆ గోడలు బూడిదరంగు బండరాళ్లలాగే కనిపిస్తాయి. వేలు రుద్ది నాలుకకు తాకిస్తే గానీ నమ్మకం కుదరదు! ఈ ఉప్పుకు శత్రువు నీళ్లే. గాలి కోసం పెట్టిన కృత్రిమ ఏర్పాట్ల వల్ల లోపలికి చేరిన తేమకు శిల్పాలు కరిగిపోతుండటంతో 1989లో యునెస్కో వియెలీచ్కా గనిని ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టింది. తేమ తీసే ఏర్పాట్లు జరిగాక 1998లో తొలగించింది.

బోఖ్నియాకు క్రాకోవ్ నుంచి రైలుంది. అక్కడి ఆకర్షణ నేలకు 250 మీటర్ల కింద, వాజిన్ గదిలో రాత్రి బస. బంక్ మంచాలు, పదిమందితో కలిసి పడుకోవడం. అర్ధరాత్రి బయటికి రావాలనిపిస్తే లిఫ్ట్ మీ ఇష్టప్రకారం నడవదు. హోటల్ సుఖం, ఏకాంతం కోరేవాళ్లు పగలే చూసి వచ్చేయండి. పిల్లలకైతే గని రైలు, జారుడుబల్ల బాగా నచ్చుతాయి.

వియెలీచ్కాలో సాయంత్రం ఖాళీ దొరికితే ఊళ్లోని జూప్నీ కోటకు వెళ్లండి. ఉప్పు పాలన నడిచిన కచేరీ అది. ఇప్పుడు అక్కడ భోజనాల బల్లమీద పెట్టుకునే ఉప్పు గిన్నెలు అలమారాల నిండా ఉన్నాయి.