బందులకి గ్రీజు, తాళానికి గ్రాఫైట్: విశాఖ ఉప్పు గాలిలో కొన్నేళ్లు వాడాక

తలుపు కిర్రుమంటోందని డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి, నెల తిరక్కుండానే మళ్లీ కిర్రుమంటే తప్పు ఆ డబ్బాది కాదు. 1953లో అమెరికాలో దాన్ని తయారు చేసిందే లోహం మీద తేమని తరిమి, తుప్పు పట్టకుండా చూడ్డానికి. అందులో పెద్ద వాటా ఆవిరైపోయే సాల్వెంట్, ఆఖరికి మిగిలేది పల్చటి నూనె పొర. మాది విశాఖలో సముద్రానికి దగ్గరి ఫ్లాట్, రాత్రీ పగలూ ఉప్పు గాలే, ఇక్కడ ఆ పొర ఎన్నాళ్లు ఆగుతుంది? అయినా ఆ డబ్బా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, కడగడానికి. కొట్టేటప్పుడు మాత్రం గడప దగ్గర దీపం లేకుండా చూసుకోండి, గ్యాస్ భగ్గున అంటుకుంటుంది.

బందులకి నా దగ్గర నిజంగా నిలబడింది లిథియం గ్రీజు. తెల్లది ట్యూబుల్లో దొరుకుతుంది, రంగు వేసిన తలుపుకి అదే మేలు, మరక కనపడదు. అంత ఖర్చెందుకు అనుకుంటే ఆటో స్పేర్స్ షాపులో బేరింగులకి అమ్మే ఏపీ-3 గ్రీజు చాలు, అదీ లిథియం రకమే. కాకపోతే గోధుమ రంగు జిడ్డు, చీర కొంగో పంచె అంచో తగిలిందంటే ఇంట్లో మాట పడాల్సిందే.

అసలు కష్టం గ్రీజుని లోపలికి పంపడంలో ఉంది. మన బందుల్లో చాలావాటికి మధ్య పిన్ను ఊడి రాదు. నేను చేసేది ఇదీ: ముందు స్ప్రే కొట్టి తలుపుని అటూ ఇటూ ఆడిస్తే తుప్పుతో కలిసి నల్లటి మడ్డి కారుతుంది, అది ఆగేదాకా పాత బనియన్ గుడ్డతో తుడుస్తాను, ఆరనిస్తాను. తర్వాత తలుపు కింద స్క్రూడ్రైవర్ దూర్చి వెంట్రుకవాసి పైకి లేపితే బరువంతా దాని మీదికి వచ్చి బందు కణుపుల మధ్య సన్నటి సందు తెరుచుకుంటుంది, అక్కడ అగ్గిపుల్లతో గ్రీజు కూరాలి. తలుపు దించి పదిసార్లు ఆడిస్తే మిగిలింది బయటికి వస్తుంది, దాన్ని తుడిచేయకపోతే దుమ్ము పట్టుకుంటుంది. ఇలా పెట్టిన పడకగది తలుపు రెండు వానాకాలాలు దాటినా చప్పుడు చేయలేదు. బాల్కనీ తలుపుకి అంత ఆయుష్షు లేదు, దానికి ఏటా పెట్టాల్సిందే.

తాళాల్లోకి ఈ గ్రీజు పోనివ్వకండి. లోపల చిన్న చిన్న పిన్నులు, స్ప్రింగులు ఉంటాయి, జిడ్డుకి దుమ్ము చేరి అవి బిగుసుకుపోతాయి. మా అమ్మ పద్ధతి కొబ్బరినూనె. వేసిన రోజు తాళంచెవి వెన్నలా తిరుగుతుంది, కానీ 24 డిగ్రీల కంటే చల్లబడితే కొబ్బరినూనె పేరుకుంటుంది కదా, జనవరి తెల్లవారుజామున పాలవాడు బెల్లు కొట్టాక తెలుస్తుంది ఆ సంగతి. పైగా చీమలు! లోపలి గదుల తాళాలకి నేను వాడేది గ్రాఫైట్ పొడి, అదీ చిటికెడు. లేకపోతే బొమ్మలు గీసే మెత్తటి 6బీ పెన్సిల్‌తో తాళంచెవి పళ్ల మీద బాగా రుద్ది, తాళంలో పెట్టి తీస్తూ ఉండండి. మామూలు హెచ్‌బీ పెన్సిల్‌లో గ్రాఫైట్ తక్కువ, బంకమట్టి పాలు ఎక్కువ. కొన్నాళ్లు చెవి నల్లగా వస్తుంది, తెల్ల చొక్కా జేబులో వేసుకోవద్దు. పాత నూనె ఉన్న తాళంలో పొడి పోస్తే రెండూ కలిసి ముద్దవుతాయి, కాబట్టి ముందు కడిగి ఆరబెట్టాలి.

గేటు తాళంకప్ప సంగతి వేరు. వానలో, ఉప్పు గాలిలో వేలాడే కప్పకి గ్రాఫైట్ తుప్పు నుంచి రక్షణ ఇవ్వదు సరికదా, తడితో కలిస్తే తుప్పుని ఇంకా పెంచుతుంది. దానికి కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు, కొక్కేనికి మరో చుక్క, వానలు మొదలయ్యే ముందు. చవక, జిగురు కట్టదు.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలకి సిలికాన్ స్ప్రే, అంతే. నేల మీద పడితే వెంటనే తుడవండి, కాలు జారుతుంది. గోడకి రంగు వేయించే ముందు అసలు వాడొద్దు, రంగు పట్టదు.

ఇంకోటి, వానాకాలంలో వచ్చే ప్రతి చప్పుడూ బందుది కాదు. చెక్క ఉబ్బి తలుపు ద్వారబంధానికి రాసుకుంటుంటే ఏ నూనే పనిచేయదు. ఆ వానల్లోనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించారా, ఎండాకాలానికి సందు పడుతుంది. ఆరేదాకా ఆగి, అప్పటికీ పట్టేస్తుంటేనే పిలవండి.