కాన్వొకేషన్ మర్నాడు ఒక్క రోజు: అమ్మానాన్నల్ని ఎటు తిప్పితే మేలు?

అమెరికాలోని ఇలినాయ్ యూనివర్సిటీ కాన్వొకేషన్ మే నెల మధ్యలో, శనివారం పెడతారు. యూనివర్సిటీ ఉన్నది షాంపేన్, అర్బానా అని ఆనుకుని ఉన్న రెండు ఊళ్ళలో, అక్కడ ఆ వారం హోటల్ రూము దొరకడమే గొప్ప, కాబట్టి నెలల ముందే బుక్ చేసుకుని ఇండియా నుంచి అమ్మానాన్నల్ని రప్పించుకుంటాం. శనివారం గౌను వేసుకుని ఫోటోలు దిగడంతోనే అయిపోతుంది. అసలు టెన్షన్ ఆదివారం. హోటల్ కిటికీలోంచి చూస్తే కార్ పార్కింగు, దాని వెనక చదునుగా ఆకాశం దాకా పొలాలు, "ఇక్కడ చూడ్డానికి ఏముందిరా" అని నాన్న అడుగుతారు.

అడిగిన ప్రతివాళ్ళూ షికాగో అంటారు. అది 135 మైళ్ళు, పోనూ రానూ కలిపి నాలుగున్నర గంటలకి తక్కువ కాదు, దారంతా ఒకటే రోడ్డు, అటూ ఇటూ ఒకటే పొలం. ఇరవై గంటలు విమానాల్లో కూర్చుని వచ్చిన మనుషుల్ని, నిద్రలు ఇంకా కుదరకముందే మళ్ళీ కార్లో కుక్కేయడం నాకైతే న్యాయంగా అనిపించదు. తిరుగు ఫ్లైట్ చాలామందికి షికాగో నుంచే కదా, ఒక రోజు ముందు బయల్దేరి అప్పుడు చూపించండి.

ఆర్థర్ అని ఇంకో ఊరుంది, దక్షిణం వైపు ముప్పావు గంట పైచిలుకు ప్రయాణం. కరెంటూ కార్లూ లేకుండా గుర్రపు బళ్ళ మీద తిరిగే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ ఊరు, వాళ్ళు అక్కడ స్థిరపడింది 1865లో. మా అమ్మకి బాగా నచ్చేదే, కానీ ఆదివారం వాళ్ళ కొట్లు మూసేస్తారు. సోమవారం దాకా ఉండేవాళ్ళు వెళ్ళండి, మనుషుల మొహాల మీదికి మాత్రం ఫోన్లు పెట్టకండి, వాళ్ళకి ఫోటోలు గిట్టవు.

మిగిలినవి మూడు: స్ప్రింగ్‌ఫీల్డ్, అలర్టన్ పార్కు, లేదా ఊళ్ళోనే.

స్ప్రింగ్‌ఫీల్డ్ అంటే లింకన్. పడమరకి గంటన్నర. 1844 నుంచి, 1861లో అధ్యక్షుడిగా వాషింగ్టన్ వెళ్ళేదాకా ఆయన కాపురమున్న ఇల్లు అలాగే ఉంది, చూడ్డానికి టికెట్ డబ్బులు కూడా అక్కర్లేదు. సమాధి దగ్గర ఆయన కంచు తల ఉంటుంది, వచ్చినవాళ్ళంతా కలిసొస్తుందని ముక్కు రుద్దీ రుద్దీ అదొక్కటే బంగారంలా మెరుస్తుంటుంది. మొక్కులు మనకే అనుకుంటాం గానీ! మ్యూజియం కూడా బావుంటుంది, దానికి మాత్రం టికెట్. ఇంట్లో రిటైరైన సోషల్ మాస్టారో చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళో ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇదే ఎంచుకోండి. లింకన్ పేరు తప్ప కథ తెలియనివాళ్ళకి మాత్రం ప్రతి గదిలోనూ మీరే దుబాసీ, మధ్యాహ్నానికి మీ గొంతు పోతుంది.

ఇక ఊళ్ళోనే ఉన్నదాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. గ్రీన్ స్ట్రీట్‌లో ఆల్మా మేటర్ కంచు విగ్రహం దగ్గర శనివారం గౌన్ల క్యూ ఎలాగూ చూసేసి ఉంటారు. అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, క్యాంపస్ నడిబొడ్డున ఒక మొక్కజొన్న చేను ఉంది. మారో ప్లాట్స్ అంటారు. 1876లో మొదలైన ప్రయోగ క్షేత్రం, అమెరికా ఖండాల్లో ఇంతకంటే పాతది లేదు. అందులో ఒక మడిలో అప్పటి నుంచి ఏటా మొక్కజొన్నే వేస్తున్నారు, పక్క మళ్ళల్లో పంట మారుస్తారు, ఎరువు వేసిన ముక్కా వేయని ముక్కా పక్కపక్కనే. 1969లో పక్కనే తెరిచిన లైబ్రరీని, దాని నీడ ఈ చేను మీద పడకూడదని ఏకంగా భూమిలోపల కట్టారు.

మే నెలలో మొక్క జానెడు కూడా ఉండదు, ఆ మాట ముందే చెప్తున్నా. మా నాన్న మిర్చీ మొక్కజొన్నా వేసే మనిషి. కంచె పక్కన నిలబడి నా చేత బోర్డు మొత్తం చదివించుకున్నారు. "ఎరువు లేకుండా ఇన్నేళ్ళు ఒకే పంటా? దిగుబడి ఏం వస్తది?" అన్నారు. ఎరువు వేసినదాంట్లో నాలుగో వంతో మూడో వంతో వస్తే గొప్ప అన్నాను, ఆయన తల ఊపుతూ ఆ నల్లమట్టి వైపు చూస్తూ ఉండిపోయారు. మన నల్లరేగడిలాగే కనిపిస్తుంది గానీ ఎండకి అలా బీటలు వారదు, వేల ఏళ్ళ పాటు గడ్డి వేళ్ళు కుళ్ళి అయిన నలుపు. క్యాంపస్ మొత్తంలో ఆయన తనంతట తాను ఫోటో తియ్యమన్నది అక్కడొక్కచోటే. నా డిపార్ట్‌మెంట్ బిల్డింగు ముందు కూడా అడగలేదు, అది వేరే సంగతి.

అయితే ఇది గంట పని. కళలూ పాత వస్తువులూ ఇష్టమైతే క్రానర్ట్, స్పర్లాక్ మ్యూజియాలు ఉన్నాయి, టికెట్ లేదు, కాకపోతే ఆదివారం తెరిచి ఉంటాయో లేదో ముందే చూసుకోండి.

అలర్టన్ పార్కు అరగంట దూరం, మాంటిసెల్లో అనే చిన్న ఊరి దగ్గర. రాబర్ట్ అలర్టన్ అనే శ్రీమంతుడు తన బంగళానీ తోటల్నీ 1946లో యూనివర్సిటీకి రాసిచ్చేశాడు. దాదాపు 1,500 ఎకరాలు, మధ్యలో సంగమన్ నది, ప్రవేశం ఉచితం. చెట్ల మధ్య నడుస్తూ ఉంటే ఉన్నట్టుండి చైనా సింహం కుక్కల విగ్రహాలు వరసగా నీలంగా కనిపిస్తాయి, ఇంకా పోతే సూర్యుడి వైపు చేతులు చాపిన పెద్ద కంచు మనిషి. మా అమ్మ మోకాళ్ళ గురించి భయపడ్డాను గానీ, బంగళా చుట్టుపక్కల తోటలు చదునే, కూర్చోడానికి బెంచీలున్నాయి, అడవి దారుల్లోకి మేం దిగనేలేదు. బస్సు లేదు, కారు ఉండాల్సిందే.

కాబట్టి నా ఓటు ఇలా: పొద్దున చల్లగా ఉండగానే మారో ప్లాట్స్, మధ్యాహ్నం రూములో భోంచేసి ఒక కునుకు, నాలుగింటికి అలర్టన్. పులిహోర కట్టుకెళ్ళండి, దోమల మందు మర్చిపోకండి, చీకటి పడేలోపు పార్కు మూసేస్తారు.