గాంధీనగర్ పాత లాడ్జిలో రెండు రాత్రులు

విజయవాడ వెళ్లినప్పుడల్లా స్టేషన్ దగ్గరి కొత్త హోటళ్లలోనే దిగేవాణ్ణి. ఈ మే నెలలో మాత్రం గాంధీనగర్‌లోని ఒక పాత లాడ్జిలో రెండు రాత్రులు ఉన్నాను. అద్దె కొత్త హోటళ్లలో సగమైనా లేదు, కానీ నేను వెళ్లింది భవనం కోసం.

మొదట వీధివైపు గది ఇచ్చారు. అసలు కప్పు కనబడకుండా ఫాల్స్ సీలింగ్ కొట్టేశారు. పాత సున్నపు గోడకు సిమెంటు పూత వేయడంతో చెమ్మ బయటికి పోయే దారిలేక పెచ్చులూడి నా సంచి మీదే రాలింది. చెప్పగానే వెనకవైపు గదికి మార్చారు. అక్కడ టేకు దూలాల మీద ఏటవాలుగా పేర్చి, సున్నంతో బిగించిన సన్నని ఇటుకలు స్పష్టంగా కనిపిస్తాయి. మద్రాసు టెర్రస్ అనే ఆ పనితనానికి మూరెడు మందం గోడలు, మండువా మీదుగా వచ్చే గాలి తోడై, బెజవాడ ఎండల్లో కూడా మధ్యాహ్నం ఫ్యానుతోనే హాయిగా గడిచింది.

ఈ పేటలో ఇన్ని లాడ్జీలు వెలియడానికి రైలు ఎంత కారణమో సినిమా అంతే కారణం. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలసిన ఊరిది. తర్వాత పంపిణీ కార్యాలయాలు గాంధీనగర్‌లో చేరడంతో, చుట్టుపక్కల ఊళ్ల థియేటర్ల వారు బేరాలకు వచ్చి ఇక్కడే దిగేవారు. లాడ్జిలో చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దాయన నన్ను మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, "రీళ్ల పెట్టెలు ఈడ్చి ఈడ్చి ఇట్టా అరిగినయ్యి బాబూ" అన్నారు. రాతి మెట్ల అంచులు నడిమధ్య అరచెయ్యి పట్టేంత గుంటపడి, నున్నగా ఉన్నాయి. సినిమాలు ఉపగ్రహం ద్వారా థియేటర్లకు చేరడం మొదలయ్యాక ఆ పెట్టెలూ లేవు, వాటి వెంట వచ్చే మనుషులూ లేరు.

పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వేళకు అందాయి. భోజనశాల ఎప్పుడో మూసేశారట. పొద్దున్నే బాబాయి హోటల్‌కు వెళ్లి వెన్న వేసిన ఇడ్లీ తిన్నాను.

రెండో రోజు బాపు మ్యూజియం చూశాను. 1887లో పునాది పడిన ఆ భవనాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. అది ప్రభుత్వం చేతిలో ఉంది కాబట్టి నిలిచింది. లాడ్జికి ఆ అండ లేదు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉండగానే వారిచేత గోడలు బాగుచేయించమని, వెనక గదుల జోలికి సిమెంటు రానివ్వవద్దని ఖాళీ చేసేముందు కాగితం మీద రాసి కౌంటర్లో ఇచ్చాను.